కౌంట్లు వాటంతటవే కోలుకున్నాక నాలుగో నెలలో బయటపడ్డ లుకేమియా: ఒక కేస్ స్టడీ

జ్వరంతో వచ్చిన చిన్నపిల్లలో మూడు రకాల రక్తకణాలూ ఒకేసారి పడిపోతాయి. ఎముక మూలుగ తీసి చూస్తే కణాలు లేక ఖాళీగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో, కేన్సర్ మందేమీ పడకుండానే, కౌంట్లు మామూలు స్థితికి వస్తాయి. ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఏఎల్ఎల్ అనే బ్లడ్ కేన్సర్, బయటపడుతుంది. పిల్లల ఏఎల్ఎల్ కేసుల్లో సుమారు 1 నుంచి 2 శాతం ఇలా మొదలవుతాయి. ఎక్కువగా ఆరేళ్ల లోపు పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో చూస్తాం. చాలామందిలో అసలు జబ్బు ఆరు నెలల లోపే తేలుతుంది. అరుదు కాబట్టి మొదటిసారి ఎదురైనప్పుడు డాక్టర్లు రెండు వైపులా పొరబడే ప్రమాదం ఉంది: ఎప్లాస్టిక్ అనీమియా (మూలుగ రక్తకణాల తయారీ ఆపేసే జబ్బు) అనుకుని తొందరపడి ఏటీజీ (ఇమ్యూనిటీని అణచే ఇంజెక్షన్) మొదలుపెట్టడం ఒకటి, కౌంట్లు పెరిగాయి కదా అని ఫైలు మూసేయడం రెండోది. ఈ కేసులో ఆ రెండు నిర్ణయాల దగ్గరా ఏం ఆలోచించామో రాస్తున్నాను. ఊరు, తేదీలు, ఆసుపత్రుల పేర్లు తీసేశాను.

నేపథ్యం

నాలుగేళ్లు నిండిన పాప. బరువు 14 కిలోలు, ఎత్తు 100 సెంటీమీటర్లు. టీకాలన్నీ పడ్డాయి, అంతకుముందు ఆసుపత్రిలో చేరిన దాఖలా లేదు. తల్లిదండ్రులది మేనరికం. మూలుగ పని చేయకపోవడం పుట్టుకతో వచ్చే జబ్బుల్లోనూ ఉంటుంది కాబట్టి ఈ మాట తప్పక అడగాలి. ఫాన్కోనీ అనీమియా అనే అలాంటి జబ్బులో కనిపించే బొటనవేలి లోపాలు, చర్మం మీద గోధుమరంగు మచ్చలు పాపకి లేవు.

వచ్చినప్పటి పరిస్థితి

మా దగ్గరికి వచ్చేసరికి జ్వరం తొమ్మిదో రోజు. నాలుగో రోజున తీసిన పరీక్షలో ప్లేట్‌లెట్లు 42 వేలు, తెల్ల కణాలు 2,100. సీజను డెంగీది, అనుమానమూ అటే వెళ్లింది. ఎన్‌ఎస్1, ఐజీఎం రెండూ నెగెటివ్ వచ్చాయి. ఇంట్లో బొప్పాయి ఆకు రసం పట్టారు. ఏడో రోజుకి ప్లేట్‌లెట్లు 18 వేలు, హిమోగ్లోబిన్ 4.9. దగ్గర్లోని ఆసుపత్రిలో ఒకసారి రక్తం ఎక్కించి పెద్దాసుపత్రికి పంపారు.

ఆ 4.9 దగ్గర కాసేపు ఆగాలి. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు. మూలుగ పూర్తిగా ఆగిపోయినా రోజుకి ఒక శాతం చొప్పునే తరుగుతుంది. పాపకి చిగుళ్ల నుంచి కాస్త కారడం తప్ప పెద్ద రక్తస్రావం లేదు, ఎర్ర కణాలు పగిలిపోతున్న గుర్తులూ లేవు. అలాంటప్పుడు వారం జ్వరానికి హిమోగ్లోబిన్ 12 నుంచి 4.9కి పడిపోదు. జ్వరం రాక కొన్ని వారాల ముందే మూలుగ దెబ్బతిన్నదని ఆ ఒక్క అంకె చెబుతోంది. పైగా డెంగీలో ప్లాస్మా కారి రక్తం చిక్కబడుతుంది, హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనబడుతుంది. ఇక్కడ దానికి పూర్తిగా ఉల్టా.

చేరిన రోజు లెక్కలు: రక్తం ఎక్కించాక హిమోగ్లోబిన్ 7.2, తెల్ల కణాలు 1,400, అందులో న్యూట్రోఫిల్స్ 180, లింఫోసైట్లు 85 శాతం, ప్లేట్‌లెట్లు 11 వేలు, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు) 0.2 శాతం. స్మియర్‌లో, అంటే గాజు స్లైడు మీద పరిచిన రక్తంలో, బ్లాస్టులు (లుకేమియాలో పెరిగే పచ్చి కణాలు) లేవు. ఎల్‌డీహెచ్, యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉన్నాయి. కాలేయం రెండు సెంటీమీటర్లు తగిలింది, ప్లీహం తగల్లేదు. జ్వరానికి ముందు రెండు వారాలుగా పాప రాత్రిపూట మోకాళ్ల కింద నొప్పి అని లేచి ఏడ్చేదని, పొద్దున ఎత్తుకోమనేదని తల్లి చెప్పింది. ఆడి అలిసిపోయిందనుకుని కాళ్లకి కొబ్బరినూనె రాసి పడుకోబెట్టేవారు. ఎప్లాస్టిక్ అనీమియాలో ఎముకలు నొప్పి పెట్టవు. అందుకే ఈ సంగతి కేస్ షీట్ మొదటి పేజీలో రాయించాం.

ముందు ఏ మందులు పడ్డాయో తెలుసుకోవడం

స్టెరాయిడ్ పడితే లుకేమియా కణాలు చచ్చి పరీక్షలో కనబడకపోవచ్చు. రిఫరల్ కాగితంలో స్టెరాయిడ్ ప్రస్తావన లేదు. అయినా ఫోన్ చేసి రక్తం ఎక్కించినప్పటి ట్రాన్స్‌ఫ్యూజన్ షీట్ ఫోటో తెప్పించాం. అందులో ఉంది: అలర్జీ మందు ఏవిల్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 50 మిల్లీగ్రాములు. చాలా వార్డుల్లో రక్తం బాటిల్ కి ముందు ఈ రెండూ అలవాటుగా ఇచ్చేస్తారు, సమ్మరీ రాసేవారికి అది మందులా గుర్తుండదు. రిఫరల్ కాగితం ఒక్కటే చూసి స్టెరాయిడ్ పడలేదని రాసుకోకూడదు. ట్రాన్స్‌ఫ్యూజన్ షీట్, నర్సింగ్ చార్ట్, మొదట చూపించుకున్న ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ వయల్ ఫోటో, మూడూ అడగాలి.

ఆ మోతాదు ఎంత లెక్క? హైడ్రోకార్టిసోన్ 50 మిల్లీగ్రాములంటే ప్రెడ్నిసొలోన్ 12.5తో సమానం. పాప శరీర వైశాల్యం 0.62 చదరపు మీటర్లు. లుకేమియా చికిత్స మొదట్లో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ చదరపు మీటరుకి రోజుకి 60 చొప్పున వారం రోజులు, అంటే ఈ పాపకి మొత్తం 260 దాకా పడుతుంది. దాంట్లో ఇరవయ్యో వంతు మాత్రమే పడింది. నెలల తరబడి జబ్బుని అణచడానికి అది చాలదు. అయినా ఆ తర్వాత తీసిన మూలుగలో బ్లాస్టులు కనబడకపోతే, ఆ రిపోర్టుని పూర్తిగా నమ్మకుండా ఉండటానికి చాలు. ఇకమీదట రక్తం ఎక్కించే ముందు స్టెరాయిడ్ వద్దని ఆర్డర్ షీట్‌లో ఎర్ర ఇంకుతో రాశాం.

మొదటి మూలుగ పరీక్ష

చేరిన మూడో రోజు తీశాం. మత్తు ఇచ్చే ముందు ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. గుండె పైభాగాన లింఫ్ గడ్డ ఉంటే మత్తులో శ్వాస ఆగిపోవచ్చు. పాప ఎక్స్‌రే బాగానే ఉంది. ఎస్పిరేట్‌తో (సూదితో లాగిన మూలుగ ద్రవం) పాటు బయాప్సీ ముక్క కూడా తీయాల్సిందే. ఖాళీ మూలుగలో ఎస్పిరేట్ రక్తంతో పలచబడి వస్తుంది, అది చూసి ఏమీ తేల్చలేం.

బయాప్సీలో కణాలు 10 నుంచి 15 శాతం, మిగతాదంతా కొవ్వు. నాలుగేళ్ల పిల్లల్లో కొవ్వు చాలా తక్కువ, కణాలే నిండి ఉండాలి. బ్లాస్టులు 3 శాతం. ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది గుర్తులని బట్టి వాటిని లెక్కపెట్టే పరీక్ష) ఎక్కువగా టీ లింఫోసైట్లు, పచ్చి బీ కణాల గుర్తులైన సీడీ19, సీడీ10, సీడీ34 మూడూ ఉన్న కణాలు 2 శాతం లోపు. క్రోమోజోముల పరీక్షకి విభజన చెందే కణాలే దొరకలేదు. అంకెల ప్రకారం ఇది తీవ్రమైన ఎప్లాస్టిక్ అనీమియా: మూలుగ 25 శాతం లోపు, న్యూట్రోఫిల్స్ 500 లోపు, ప్లేట్‌లెట్లు 20 వేల లోపు.

ఒక్క విషయం మాత్రం ఆ పేరుకి కుదరలేదు. రెటిక్యులిన్ స్టెయిన్ వేస్తే అక్కడక్కడా పీచు పెరిగి ఉంది. ఎప్లాస్టిక్ అనీమియాలో రెటిక్యులిన్ పెరగదు. లుకేమియాకి ముందొచ్చే ఈ ఖాళీ దశలో పెరగడం బాగా తెలిసిన సంగతి. ఇలాంటి కేసుల్లో ఈ స్టెయిన్ కావాలని పాథాలజిస్టుని ముందే అడగాలి, రొటీన్‌గా వేయని చోట్లు ఉన్నాయి.

ఇతర కారణాల కోసం బీ12, పార్వోవైరస్ బీ19, ఈబీవీ, సీఎంవీ, హెపటైటిస్ పరీక్షలు, మలేరియా స్మియర్, హెచ్‌ఎల్‌హెచ్ (ఇమ్యూనిటీ అదుపు తప్పి రక్తకణాలని తినేసే జబ్బు) కోసం ఫెరిటిన్, ట్రైగ్లిసరైడ్లు, ఫైబ్రినోజన్ చూశాం. మేనరికం కాబట్టి ఫాన్కోనీ కోసం మైటోమైసిన్‌తో క్రోమోజోముల పరీక్ష పంపాం. వేటిలోనూ కారణం దొరకలేదు.

ఏటీజీ ఎందుకు ఇవ్వలేదు

ఈ రిపోర్టులతో పాపని ఎవరికి చూపించినా తమ్ముడి మూలుగ సరిపోతుందేమో చూసి ట్రాన్స్‌ప్లాంట్ చేయమంటారు, సరిపోకపోతే ఏటీజీ, సైక్లోస్పోరిన్ మొదలుపెట్టమంటారు. తల్లిదండ్రులకి బయట వచ్చిన సలహా కూడా అదే. ఏటీజీ ఇస్తే సీరం రియాక్షన్ తగ్గించడానికి స్టెరాయిడ్ తోడు ఇవ్వాలి. లోపల లుకేమియా ఉంటే ఆ స్టెరాయిడ్‌కి సగం చచ్చి, సగం మిగిలి, గుర్తులు చెరిగిపోతాయి. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న పిల్లకి ఇమ్యూనిటీని అణచే మందు వేయడం మరో ప్రమాదం.

మరో పక్క చూస్తే ఐదేళ్ల లోపు, ఆడపిల్ల, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, రాత్రిపూట ఎముకల నొప్పి, పీచు పెరిగిన మూలుగ. ఇన్ని ఒకచోట చేరితే లుకేమియాకి ముందు దశ అనే అనుమానమే బలం. ఆగితే పోయేది తక్కువ, తొందరపడితే పోయేది చాలా ఎక్కువ. నాలుగు వారాలు సపోర్ట్ మాత్రమే ఇచ్చి చూద్దామని నిర్ణయించాం. ఆ వ్యవధిలో, తమ్ముడి మూలుగ సరిపోతుందో చెప్పే హెచ్‌ఎల్‌ఏ పరీక్షకి రక్తం పంపాం, దానివల్ల దేనికీ ఆటంకం లేదు.

న్యూట్రోఫిల్స్‌ని పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ కూడా ఇవ్వలేదు. న్యూట్రోఫిల్స్ 180 ఉండి బ్లడ్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా వచ్చినప్పుడు చెయ్యి ఆ ఇంజెక్షన్ వైపే వెళుతుంది. కానీ మూలుగలో ఏముందో తేలకుండా ఇస్తే తర్వాత కనబడే పచ్చి కణాలు మందు వల్లనా, జబ్బు వల్లనా అన్నది చెప్పలేం. తానుగా కోలుకుందా లేదా అన్న ప్రశ్నకీ జవాబు పోతుంది. యాంటీబయాటిక్ పనిచేయకపోతే ఇద్దామని పక్కన ఉంచాం. పైపెరాసిలిన్ నుంచి మెరోపెనెమ్‌కి, కిలోకి 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, మార్చాక ఐదో రోజుకి జ్వరం దిగింది.

రక్తం విషయంలో ఒక జాగ్రత్త. రేపు ట్రాన్స్‌ప్లాంట్ అవసరం పడే అవకాశం ఉన్నంతవరకు అమ్మా నాన్నా, అత్తా మామా, బాబాయిల రక్తం పాపకి ఎక్కించకూడదు. ఎక్కిస్తే వాళ్ల కణాల మీద ప్రతిఘటన పుట్టి తర్వాత మూలుగ నిలబడదు. బదులు రక్తం బ్యాంకుకి ఇవ్వవచ్చు, ఆ యూనిట్ మాత్రం ఈ పాపకి రాకూడదు. ఇది బ్యాంకు టెక్నీషియన్‌కి కాగితం మీద రాసి పంపాలి. ఇచ్చే ప్రతి యూనిట్ ఇర్రేడియేట్ చేసి (రేడియేషన్ పెట్టి), తెల్ల కణాలని ఆపే ల్యూకో ఫిల్టర్ ద్వారానే.

కోలుకోవడం, రెండో మూలుగ

పన్నెండో రోజున మోనోసైట్లు 2 శాతం నుంచి 14కి పెరిగాయి. మూలుగ లేచేముందు తరచు మొదట పెరిగేవి అవే. పద్నాలుగో రోజుకి న్యూట్రోఫిల్స్ 420, పద్దెనిమిదో రోజుకి 1,100. పదకొండో రోజు తర్వాత ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం రాలేదు. నాలుగో వారానికి హిమోగ్లోబిన్ 9.8, తెల్ల కణాలు 6,200, ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు.

ఇలా ఎందుకు జరుగుతుందన్నదానికి కొన్ని వివరణలున్నాయి. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో శరీరం సొంతంగా కార్టిసాల్ ఎక్కువగా విడుదల చేస్తుంది, లింఫోబ్లాస్టులు దానికి చస్తాయి. ఇంటర్‌ఫెరాన్, టీఎన్‌ఎఫ్ లాంటి సైటోకైన్లు, ఎన్‌కే కణాలు కూడా లుకేమియా కణాల మీద పడతాయి. ఆ దెబ్బకి మంచి కణాలూ తగ్గుతాయి, ఇన్‌ఫెక్షన్ పోగానే మంచివి ముందు లేస్తాయి. వీటిలో దేనికెంత పాత్ర అన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది.

ఐదో వారంలో రెండో మూలుగ తీశాం. కణాలు నిండుగా ఉన్నాయి, పీచు తగ్గింది. చిక్కల్లా ఫ్లో రిపోర్టుతో. సీడీ10, సీడీ19 ఉన్న పచ్చి బీ కణాలు 14 శాతం. లుకేమియా అని రాయడానికి తొందరపడే అంకె అది. కానీ చిన్నపిల్లల్లో మూలుగ కోలుకునేటప్పుడు హిమటోగోన్లు అనే సహజమైన పచ్చి బీ కణాలు ఇలాగే పెరుగుతాయి. తేడా చూడాల్సింది గ్రాఫ్‌లో. హిమటోగోన్లు సీడీ34 దశ నుంచి సీడీ20 నిండుగా ఉన్న దశ దాకా ఒక వరుసలో, సన్నటి వంపులా పరుచుకుని ఉంటాయి. లుకేమియా కణాలు ఒకే దశలో ఆగి, ఒకచోట ముద్దగా కనబడతాయి. శాతం చూసి కాకుండా గ్రాఫ్ ముందు పెట్టుకుని పాథాలజిస్టు పక్కన కూర్చుని చూశాం. వరుస స్పష్టంగా ఉంది. క్రోమోజోములు మామూలుగా 46.

ఈ దశలో కీమో మొదలుపెట్టడం సరికాదు. రెండేళ్లకి పైబడిన చికిత్స, రుజువు లేకుండా ఇవ్వలేం. పైగా ఏ రిస్కు గ్రూపులో వేయాలన్నా, ఎంఆర్‌డీకి (చికిత్స తర్వాత మిగిలిన జబ్బు కణాల కొలత) ఏ గుర్తుని వెంబడించాలన్నా జబ్బు కణాలు చేతిలో ఉండాలి. రెండు ఎస్పిరేట్ల నుంచీ డీఎన్‌ఏ తీసి ఫ్రీజర్‌లో ఉంచాం, స్టెయిన్ వేయని స్లైడ్లు దాచాం.

ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్పాలి

పాప ఆడుకుంటోంది, బుగ్గలకి రంగొచ్చింది. "బాగైపోయింది కదా సార్, ఇంకా సూదులెందుకు" అని తండ్రి అడిగాడు. అమ్మమ్మకి బొప్పాయి ఆకు మీద నమ్మకం. దాన్ని ఖండిస్తూ కూర్చుంటే మాట అక్కడే ఆగిపోతుంది. "కౌంట్లు బాగయ్యాయండీ, మీరు చూస్తున్నది నిజమే. కానీ ఎందుకు పడ్డాయో మాకింకా దొరకలేదు. కొందరు పిల్లల్లో కొన్ని నెలల్లో బ్లడ్ కేన్సర్‌గా తిరిగొస్తుంది. వస్తే నయం చేయగలిగే రకమే. తొందరగా పట్టుకోవాలి, అంతే" అని కేన్సర్ అన్న మాట దాచకుండా చెప్పాం. దాచి పంపితే మూడో నెలలో రావడానికి వాళ్లకి కారణం కనబడదు.

మొదటి నెల వారానికోసారి, ఆరో నెల దాకా రెండు వారాలకోసారి, ఏడాది దాకా నెలకోసారి రక్త పరీక్ష. చేతికి ఒక కార్డు ఇచ్చాం. దాని మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ: ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ సిరప్ గానీ చుక్కలు గానీ ఇంజెక్షన్ గానీ వద్దు, ప్రాణం మీదికొస్తే ఇవ్వండి, ముందు ఈడీటీఏ ట్యూబులో రక్తం, రెండు స్మియర్లు తీసి పెట్టండి. మూడో నెలలో పిల్లికూతలతో దగ్గు వచ్చినప్పుడు ఊళ్లో డాక్టరు ఆ కార్డు చూసి మాకు ఫోన్ చేశాడు. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్‌తోనే తగ్గింది.

పనిచేయనిది

పరీక్షల షెడ్యూలు తొమ్మిదో వారం తర్వాత తప్పింది. ప్రతిసారీ బస్సు, ఒక రోజు కూలి, అన్నీ నార్మల్ అనే రిపోర్టు. పత్తి తీతల కాలం. ఫోన్ చేస్తే వస్తామనేవారు, రాలేదు. మళ్లీ గాడిలో పెట్టింది ఊరి ఆశా కార్యకర్త. రక్తం ఊరి దగ్గర పీహెచ్‌సీలోనే తీయించి, పాపని ఆసుపత్రికి రప్పించే పని నెలకొకసారికి తగ్గించాం.

అక్కడ ఇంకో ఇబ్బంది: ల్యాబులో మెషీన్ లెక్క మాత్రమే, స్మియర్ చూసేవారు లేరు. తెల్ల కణాలని మూడు రకాలుగానే విడదీసే త్రీ-పార్ట్ మెషీన్ బ్లాస్టులని లింఫోసైట్లలోనో మోనోసైట్లలోనో కలిపేస్తుంది. టెక్నీషియన్‌కి ఫోన్‌లోనే నేర్పాం: రక్తం తీసిన రెండు గంటల లోపు రెండు స్మియర్లు వేయాలి, ఆరగానే మెథనాల్‌లో ముంచాలి, తర్వాతే ప్యాక్ చేయాలి. వానాకాలం గాలి తేమకి మెథనాల్ వేయని స్లైడు మీద కణాలు ఉబ్బి పగిలి, చదవడానికి పనికిరావు. స్లైడ్లు బస్సు పార్సిల్‌లో వచ్చేవి.

తిరిగి రావడం

ప్లేట్‌లెట్లు ఎనిమిదో వారంలో 2.9 లక్షలు. పద్నాలుగో వారంలో 1.9, మరుసటి వారం 1.62. రెండింటికీ రిపోర్టులో నార్మల్ అనే ఉంది, ల్యాబు హద్దు 1.5 లక్షలు. కానీ ఈ పాప సొంత లెక్కతో పోలిస్తే దాదాపు సగానికి పడ్డాయి. ఇలాంటి పిల్లల్లో ల్యాబు హద్దుతో కాక, వాళ్ల పాత అంకెలతోనే పోల్చాలి. గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెడితే వెంటనే కనబడుతుంది. వెంటనే వారానికోసారి చేశాం. పదిహేడో వారంలో 1.12 లక్షలు, తెల్ల కణాలు 7,800, పార్సిల్‌లో వచ్చిన స్మియర్ మీద బ్లాస్టులు 22 శాతం. అదే వారం రాత్రిపూట కాళ్ల నొప్పి మళ్లీ మొదలైంది.

మూలుగలో బ్లాస్టులు 88 శాతం: సీడీ19, సీడీ10, సీడీ34, టీడీటీ ఉన్న బీ-ఏఎల్ఎల్. క్రోమోజోములు 54, అందులో 4, 10, 17 నంబరువి రెండేసి బదులు మూడేసి. ఇది చికిత్సకి బాగా లొంగే రకం. దాచిన మొదటి స్లైడు మీద ఫిష్ (క్రోమోజోముల లెక్క చూసే పరీక్ష) చేయిస్తే కొద్ది కణాల్లో 4, 10 రెండూ మూడేసి కనబడ్డాయి. ఖాళీగా ఉన్న మూలుగలో ఆ రోజే జబ్బు ఉందన్నమాట.

వయసు, తెల్ల కణాల లెక్క, క్రోమోజోములు చూసి స్టాండర్డ్ రిస్కులో వేశాం. ఒక మోతాదు హైడ్రోకార్టిసోన్, అదీ నాలుగు నెలల కిందటిది, దాని వల్ల రిస్కు పెంచాల్సిన పని లేదు. వారాలపాటు స్టెరాయిడ్ వాడి వచ్చిన పిల్లలైతే లెక్క మారేది. ముందు ఖాళీ దశ వచ్చినంత మాత్రాన ఫలితం తగ్గినట్టు ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టుల్లో లేదు కాబట్టి ప్రోటోకాల్ మార్చలేదు. అల్లోప్యూరినాల్, సెలైన్ మొదలుపెట్టి ప్రెడ్నిసొలోన్ రోజుకి 37 మిల్లీగ్రాములు వారం ఇచ్చాం. ఎనిమిదో రోజు రక్తంలో బ్లాస్టులు లేవు. వెన్ను నీటిలో కణాలు లేవు. అదే సూదితో మెథోట్రెక్సేట్ 12 మిల్లీగ్రాములు పడింది, మూడేళ్లు దాటిన పిల్లల మోతాదు అది. ఇండక్షన్ (చికిత్స తొలి దశ) చివర ఎంఆర్‌డీ 0.01 శాతం లోపే.

ఇప్పుడు పాప చికిత్స చివరి దశ అయిన మెయింటెనెన్స్‌లో ఉంది. రాత్రిపూట మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్, న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్. రక్తం ఇప్పటికీ ఊరి పీహెచ్‌సీలోనే తీస్తున్నారు. న్యూట్రోఫిల్స్ 750 కిందికి పోతే మందులు ఆపి ఫోన్ చేయమన్నాం, స్మియర్లు అలాగే మెథనాల్‌లో ముంచి పంపుతున్నారు.